సాంబన్న కాలులో సగపాలు

ప్రాణహిత ఒడ్డున, సిరొంచకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో మేకపిల్లలు పంచుకునే రోజున ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు. అవసరం రాదు. మేకను పాలుకు, అంటే పుట్టే పిల్లల్లో సగం వాటాకు, మేపనిచ్చిన ఇంటివాళ్లు గడప ముందు కూర్చుంటారు. పాలుకు తీసుకుని మేపినవాడు ఆ ఏడు పుట్టిన పిల్లలను తోలుకొచ్చి రెండు జట్లుగా కట్టేస్తాడు. ఏ జట్టు కావాలో ముందుగా కోరుకునే హక్కు మేక గలవాళ్లది. అందుకే మేపినవాడు రెండు జట్లనూ సరిసమానంగా చేస్తాడు. ఒక జట్టును బలంగా చేస్తే అది తనకు దక్కదని వాడికి తెలుసు.

తల్లిమేక ఎప్పటికీ ఇచ్చినవాళ్లదే. దాని మేత, మందు, కాపలా అన్నీ మేపేవాడి నెత్తిన. మేక చచ్చిపోయిందని చెప్పాలంటే తోలు తెచ్చి చూపాలి. తోలు చూపకుండా నోటిమాటతో సరిపెట్టినవాడికి చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ మరో మేకను పాలుకివ్వరు. ఈ కట్టుబాటును ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. తప్పినవాడిని మాత్రం ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఎనభై ఆరో సంవత్సరంలో యాదక్క ఇంటి ముందు అట్లాంటి పంపకమే జరిగింది. ఆమె మేకను పాలుకు మేపుతున్నది స్వయానా తమ్ముడు పోశయ్య. తల్లి పోయాక వాడిని చంకనెత్తుకుని పెంచింది యాదక్కే. పెళ్లయ్యాక వాడు జిమల్‌గట్ట దారిలో అడవి అంచున గుడిసె వేసుకుని మేకలు మేపుకుంటూ, అహేరి అంగడికి తోలి అమ్ముకుంటూ బతుకుతున్నాడు. ఆ రోజు వాడు రెండు జట్లూ కట్టేసి పక్కకు జరిగి, "కోరుకో అక్కా" అన్నాడు. యాదక్క చూడకుండానే దగ్గరున్న జట్టు వైపు చెయ్యి చూపింది. తమ్ముడు కట్టిన జట్లను పోల్చి చూడడం ఆమెకు చిన్నతనమనిపించింది.

అరుగు మీద సాంబన్న కూర్చుని ఉన్నాడు. యాదక్క పెనిమిటి. ఆయన కుడికాలు మోకాలి కింద లేదు. అంతకుముందు వానాకాలంలో ఆలాపల్లి రోడ్డు మీద వెదురు బొంగుల లారీ ఒకటి ఆయన బండిని వెనక నుంచి గుద్దింది. వలపటి, అంటే కుడివైపు కట్టిన, ఎద్దు అక్కడికక్కడే పడిపోయింది. చక్రం కింద నలిగిన కాలును దవాఖానలో తీసేశారు. లారీ గలవాడు ఒకసారి వచ్చి అరటిపండ్లు ఇచ్చి పోయాడు, మళ్లీ కనిపించలేదు. ఒక్క ఎద్దుతో నాగలి సాగదు, ఒంటికాలితో మడిలో దిగడం సాగదు. నాగ్‌పూర్‌లో పెట్టుడు కాలు చేసి బిగిస్తారని, దాంతో మడిలోకి కూడా దిగవచ్చని ఎవరో చెప్పిన నాటి నుంచి సాంబన్న ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాడు.

పిల్లల పంపకం అయ్యాక పోశయ్య బావ పక్కన కూర్చున్నాడు.

"బావా, అహేరి అంగట్ల ఒక వకీలు సాబ్ దొరికిండు. మురళీధర్ వకీలు. లారీ మీద కేసేస్తే కోర్టు భర్‌పాయి ఇప్పిస్తదట."

భర్‌పాయి అంటే జరిగిన నష్టానికి పరిహారం. ఆ మాట సిరొంచ వైపు కచేరీల నుంచి జనం నోటికి వచ్చి చేరింది.

"వకీలుకు ఇయ్య పైసలేడ ఉన్నయిరా?" అన్నాడు సాంబన్న.

"ముంగట ఒక్క పైస వద్దన్నడు. గెలిస్తే సగపాలట. అన్నీ ఆయనే సూసుకుంటడట. నువ్వు జర ఒక్కసారి వచ్చి కలువు."

యాదక్కకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పుట్టింటివాళ్లు ఉండాల్సింది ఇట్లాంటప్పుడే అనుకుంది. ఆ పూట తమ్ముడిని కోడికూర తినిపించిగాని పంపలేదు.

మురళీధర్ వకీలు గది దూరాన జిల్లా కేంద్రంలో, కోర్టు ఎదురు సందులో ఉంది. ఆయన నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, సాంబన్నను చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. మాట మెత్తగా ఉంది. తెలుగు మనవాళ్ల తెలుగే. యాదక్కను మొదటి మాటలోనే అక్కా అన్నాడు.

"చూడక్కా, మీ తమ్ముడు నాకూ తమ్ముడే. కేసు ఓడితే నా కష్టం పోయిందనుకుంట. గెలిస్తే సగపాలు. మీరు మేకలు పాలుకియ్యరా? గట్లనే అనుకోండ్రి. కేసును నేను మేపుత."

పాఠక మహాశయులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి యాదక్క మనసులోకి చూడాలి. ఆమెకు చదువు లేదని, కనుక మోసపోయిందని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. వకీలు పలికిన ఆ ఒక్క మాటతో ఆమెకు తెలిసిన ధర్మమంతా కళ్ల ముందుకు వచ్చింది. పాలు అన్నాక మేత ఖర్చు మేపేవాడిది. పాలు అన్నాక పంపకం అందరి ముందు జరుగుతుంది. పాలు అన్నాక ముందుగా కోరుకునేది సొమ్ము గలవాళ్లు. ఇవన్నీ మళ్లీ అడగడమంటే మనిషిని దొంగ అన్నట్టే. సాంబన్నకు ఖర్చుల సంగతి అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. పక్కనే బావమరిది కూర్చుని తలాడిస్తుంటే ఆ మాటను మింగేశాడు. మేకను మేపే తమ్ముడు ఎంత నిక్కచ్చిగా ఉంటాడో, కేసును మేపే వకీలూ అంతే నిక్కచ్చిగా ఉంటాడనుకుంది యాదక్క. ఆమె చేసిన తప్పు అదొక్కటే. ఆలుమగలిద్దరూ వకీలు చూపిన చోటల్లా వేలిముద్ర వేశారు.

కేసు సాగింది. వాయిదా ఉన్న రోజు సిరొంచలో బస్సెక్కితే ఒళ్లు హూనమయ్యే దాకా ప్రయాణం. సాంబన్నను యాదక్క ఒక పక్క, పోశయ్య ఒక పక్క పట్టుకుని కోర్టు మెట్లు ఎక్కించేవాళ్లు. ఒక వాయిదా నాడు సాక్ష్యం అయ్యాక వకీలు ముగ్గురినీ హోటలుకు తీసుకుపోయి పూరీలు పెట్టించాడు. యాదక్క మొహమాటపడుతుంటే, "తిను అక్కా, పొద్దటి నుంచి ఏం తిన్నవని" అంటూ ఇంకో రెండు వేయించాడు. అంతటి మనిషి తనతో ఒకే బల్ల మీద కూర్చుని తినడం చూసి ఆమె కళ్లు చెమర్చాయి. ఇంటికి వచ్చి ఇరుగుపొరుగుకు ఆ పూరీల సంగతి ఎన్నిసార్లు చెప్పుకుందో.

తీర్పు వచ్చిందన్న కబురు పోశయ్యే తెచ్చాడు. కొత్త సైకిలు మీద వచ్చాడు.

"కోర్టు ఇరవై నాలుగు వేలు మంజూరు చేసిందక్కా."

సాంబన్న అరుగు మీదే చేతులెత్తి దండం పెట్టాడు. సగం వకీలుకు పోయినా మిగతా సగంలో కాలూ వస్తుంది, ఎద్దూ వస్తుంది. యాదక్క లోపలికి పోయి పసుపూ కుంకుమా తెచ్చి తమ్ముడి సైకిలు హ్యాండిలుకు బొట్టు పెట్టింది. తన ఇంటికి మంచి కబురు మోసుకొచ్చిన బండి గదా అని. పోశయ్య వద్దనబోయి ఊరుకున్నాడు.

కోర్టు ఇచ్చిన పరిహారం వకీలే తీసుకున్నాడు. వేలిముద్ర వేసిన కాగితాల్లో ఆ అధికారం కూడా ఉందని తరువాత తెలిసింది. ముగ్గురూ ఆయన గదికి పోయేసరికి బల్ల మీద నోట్లు రెండు దొంతరలుగా ఉన్నాయి. ఒక దొంతరను మురళీధర్ సొరుగులో వేసుకున్నాడు. రెండో దొంతరను తన ముందుకు లాక్కుని అందులోంచి తీయడం మొదలుపెట్టాడు. సాక్షులకు ఇంత అన్నాడు. డాక్టరుకు ఇంత, స్టాంపులకు, టైపుకు ఇంత అన్నాడు. తాను లారీ నంబరు కోసం తిరిగిన బస్సులకు ఇంత అన్నాడు. చివరికి, "హోటల్ల మీరు ముగ్గురు తిన్నది" అని ఇంకో నోటు తీశాడు.

యాదక్క బల్ల దగ్గరికి జరిగింది. "ఖర్సులు మేపినోనియి గద సార్?"

"ఏంది?"

"పాలుకు అన్నరు గద. మేత ఖర్సు మేపినోడే పెట్టుకుంటడు. మా సగంలకెళ్లి ఎట్ల తీస్తుండ్రు?"

వకీలు నవ్వాడు. "ఇది కోర్టు అక్కా, మేకల కొట్టం కాదు. ఖర్చులు కక్షిదారువే."

"అయితే ఎక్కడెంత పెట్టిండ్రో జర సూపుండ్రి. మేక సచ్చిందంటే తోలు తెచ్చి సూపుతం గద మేము."

ఈసారి ఆయన నవ్వలేదు. "నేను లేకుంటే మీకు ఈ మాత్రం కూడ రాకపోవు. ఇష్టముంటే తీసుకోండ్రి." మిగిలిన నాలుగు వేలకు తక్కువ సొమ్మును బల్ల అంచుకు తోశాడు. యాదక్క తమ్ముడి వైపు చూసింది. సగపాలు మాట తెచ్చినవాడు, తాము కాక ఆ మాటకు అర్థం తెలిసినవాడు వాడొక్కడే అక్కడ. పోశయ్య కిటికీలోంచి బయట ఆగిన రిక్షాను చూస్తున్నాడు.

ఇంటికి వచ్చాక సాంబన్న చాలాసేపు తెగిన కాలిని నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆ సొమ్ముతో ఎద్దు వస్తే కాలు రాదు, కాలికోసం నాగ్‌పూర్ పోయి దవాఖానలో ఉంటే ఎద్దు రాదు.

"ఎద్దునే తెద్దాం" అన్నాడు చివరికి. "కాలు లేకుంటే నేనొక్కన్నే కూసుంట. ఎద్దు లేకుంటే ఇల్లంత కూసుంటది."

యాదక్క పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. నాగలి పట్టి మడి చెక్కలా చదును చేసే మనిషి, ఇక బతికినన్నాళ్లూ గట్టు మీద కూర్చుని ఇంకొకడి దున్నకం చూస్తాడన్నమాట. కోర్టు ఆయన కాలు ఆయనకు ఇచ్చింది. దారిలో ఎవరో తినేశారు.

ఎద్దు వచ్చింది. నాట్లు అయ్యాయి. ఆ చలికాలంలో సిరొంచ తహసీలు కచేరీ వరండాలో న్యాయసహాయ సమితి వాళ్లు శిబిరం పెట్టారు. పేదలకు కోర్టు సంగతులు ఉచితంగా చెబుతారని దండోరా వేశారు. వచ్చినవాళ్లలో పెద్దావిడ సుశీలాబాయి. జుట్టు నెరిసిన వకీలు. సిరొంచలోనే పుట్టి పెరిగి, పై చదువులకు నాగ్‌పూర్ పోయి, ముప్ఫై ఏళ్లుగా కోర్టులో వాదిస్తున్నది. యాదక్క వకీలు మీద ఫిర్యాదు చేయడానికి పోలేదు. అది ఫిర్యాదు చేయదగ్గ సంగతని ఆమెకు తెలియదు.

"బాయీ, భర్‌పాయి ఇంకోసారి అడుగొచ్చునా? ఇంటాయన కాలుకు సాలలేదు" అని అడిగింది.

సుశీలాబాయి మొదటి నుంచీ చెప్పమంది. పూరీల దాకా విన్నది. వింటున్నకొద్దీ ఆమె ముఖం గట్టిపడింది.

"యాదక్కా, కోర్టు మీకు తక్కువ ఇయ్యలేదు. ఇచ్చిందాన్ని ఆ వకీలు మీకు అందనియ్యలేదు, అంతే. పరిహారంల పాలు తీసుకునుడు మన దేశంల వకీళ్లకు కూడని పని. వాళ్ల సంఘం నియమమే గట్లున్నది. గెలిస్తే ఇంత వాటా అని ఒప్పందం చేసుకునుడే తప్పు. వకీలు ఫీజు ఆయన పనికి. అది ముందుగాల మాట్లాడుకోవాలె, ఎంతనో రాసుకోవాలె, ఓడినా గెలిచినా అదే ఫీజు."

"మా దగ్గర ఫీజుకు పైసలు లెవ్వు గదా బాయీ. అందుకే ఆ మాట బంగారమనిపిచ్చింది."

"నాకు తెలుసు. చేతుల పైస లేనోళ్లకు ముందు ఏమియ్యకు, గెలిచినంక సూద్దాం అంటే ప్రాణానికి హాయిగ ఉంటది. కొన్ని దేశాల్ల ఆ పద్ధతి నడుస్తది కూడ. ఆడ గూడ నూటికి ఎంత, ఖర్చులు ఎవరివి, వాటా తీసేది ఖర్చులు పోయినంకనా ముందుగాలనా, ఓడిపోతే ఖర్చులు ఎవరు కట్టాలె, ఇవన్నీ ముందే రాసుకోవాలె. నిన్ను ఎవ్వరు ఇవి అడగనియ్యలె. అడగకుండ ఉండాల్నని మేకల మాట తెచ్చిండు. మీ నోట్లె మాటనే మీ మెడకు చుట్టిండు. పేదలకు ఫీజు లేకుండ వకీలును ఇచ్చెటందుకే మా సమితి ఉన్నది. ఆ సంగతి మీ దాకా రానియ్యలేదు."

యాదక్క నేల చూపులు చూస్తూ నిలబడింది. సుశీలాబాయి గొంతు తగ్గించి అడిగింది.

"ఆ వకీలు దగ్గరికి మిమ్ములను తీసుకపోయింది ఎవరు?"

"మా తమ్ముడు."

"దెబ్బ తగిలినోళ్ల ఇండ్లు వెతికి కేసులు తెచ్చేటోళ్లకు కొందరు వకీళ్లు పైసలిస్తరు. తీర్పు వచ్చినంక మీ తమ్ముడు ఏమన్న కొన్నడా?"

యాదక్కకు కొత్త సైకిలు గుర్తుకొచ్చింది. హ్యాండిలు మీద తాను పెట్టిన బొట్టు కళ్లలో మెదిలింది. ఎండిన పసుపు ఇంకా తన వేళ్లకు అంటుకున్నట్టే అనిపించి, చేతిని కొంగుకు తుడుచుకుంది. వకీలు చేసింది మోసమని ఆమెకు అప్పుడే తెలిసింది. అది కోపం తెప్పించింది. తమ్ముడు చేసింది మాత్రం కోపానికి కూడా అందలేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ చంకన మోసిన పసివాడే గుర్తుకొచ్చాడు.

మళ్లీ మేకపిల్లల పంపకం రోజు వచ్చింది. పోశయ్య సైకిలు గోడకు ఆనించి, ఎప్పటిలాగే రెండు జట్లు కట్టాడు. ఒక జట్టులో పిల్ల కుంటుతున్నదని దాన్ని పక్కకు తెచ్చి, దానికి బదులుగా ఇంకో మంచి పిల్లను అందులో చేర్చాడు. అరుగు మీద సాంబన్న, గోడ పక్కన ఇరుగుపొరుగువాళ్లు చూస్తున్నారు.

"కోరుకో అక్కా."

యాదక్క చెయ్యి చూపలేదు. మొదటిసారి రెండు జట్లనూ తేరిపారా చూసింది. ఈసారి కూడా అవి సరిసమానంగానే ఉన్నాయి.

"మేకపిల్లల కాడ ఎంత ధర్మంగుంటవురా తమ్మీ" అన్నది నెమ్మదిగా. "నీ బావ కాలును పాలుకు పెట్టిననాడు నన్ను ముంగట ఎందుకు కోరుకొమ్మనలే?"

పోశయ్య చేతిలోని తాడు జారింది. సైకిలు వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"నేను అడగలే అక్కా. సైకిలుకు పైసలు వకీలే ఇచ్చిండు. వద్దంటే బాగుండదని..."

"ఖర్సుల మాట నీకు ముందుగాల తెల్వదా?"

వాడు వంగి జారిన తాడు తీసుకున్నాడు. అరుగు మీది నుంచి సాంబన్న, "పోనీ తియ్యే" అన్నాడు. ఆ మాటలో క్షమ కన్నా అలసట ఎక్కువ ఉంది.

"పోనిచ్చుడు నాతోని కాదు" అన్నది యాదక్క. "కూడు లేక తీసుకుంటే పోనిద్దును. సైకిలుకు బొట్టు పెడుతుంటే సూసుకుంట నిలబడ్డడు." తమ్ముడి వైపు తిరిగింది. "సైకిలు నాకొద్దు. సుశీలాబాయి మళ్ల శిబిరానికి వస్తది. ఆమె ముంగట నిలబడి ఉన్నదున్నట్టు చెప్పు. చెప్తే నా తమ్మునివి. చెప్పకుంటే మేకను తోలుకచ్చి కట్టేసి పో."

పోశయ్య పిల్లలను వదిలేసి, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ పోయాడు. శిబిరం రోజున యాదక్క పొద్దున్నుంచే కచేరీ వరండాలో కూర్చుంది. మధ్యాహ్నం దాటాక వాడు వచ్చాడు. తల వంచుకునే చెప్పాడు, కాని అంతా చెప్పాడు. వకీలు సగపాలు మాటను తననే ముందుగా అక్కతో అనమన్నాడని కూడా చెప్పాడు. యాదక్క అది విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మురళీధర్ మీద విచారణ మొదలైంది. అది ఇంకా సాగుతున్నది. సొమ్ము తిరిగి రాలేదు. ఆయన గది ముందు బెంచీ మీద ఇప్పటికీ కట్లు కట్టుకున్నవాళ్లు కూర్చుంటారని చూసినవాళ్లు చెబుతారు. సాంబన్న గట్టు మీద కూర్చుని కొత్త ఎద్దుకు పాతదాని పేరు పెట్టి అదిలిస్తుంటాడు. మేక మాత్రం పోశయ్య దగ్గరే ఉంది. యాదక్క మాట మీద నిలబడే మనిషి. కాని పంపకం నాడు ఇప్పుడు ఆమె రెండు జట్లనూ చూసిగాని చెయ్యి చూపదు. అది వాడికి తెలుసు, ఆమెకూ తెలుసు.

మొన్న పెర్మిలి నుంచి జంగుబాయి అనే ఆవిడ యాదక్కను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కొడుకు చెయ్యి జీపు కింద పడి నలిగిందట. సంతలో ఒక మనిషి కలిసి, ముందు పైస వద్దు, వకీలు సగపాలుకు కేసు చేస్తాడని చెప్పాడట.

"మంచిదే గదా అక్కా? మేం గూడ మేకలు పాలుకిస్తం" అన్నది జంగుబాయి.

యాదక్క ఆమెకు మంచినీళ్లిచ్చి, చెయ్యి పట్టుకుని అరుగు మీద సాంబన్న పక్కనే కూర్చోబెట్టింది. సుశీలాబాయి శిబిరం ఎప్పుడో, ఎక్కడో చెప్పింది. తరువాత, పెనిమిటి కాలు ఉండవలసిన చోటు వైపు చూస్తూ అన్నది:

"వకీలు పనికి కూలి ముందుగాల మాట్లాడుకొని ఇయ్యి చెల్లే, పాలు మాత్రం ఒప్పుకోకు. మేకకు పిల్లలైతయి కాబట్టి పంచుకుంటం. తెగిన చేతికి, తెగిన కాలుకు పిల్లలు కావు. దాంట్ల ఎవ్వనికి పాలు లేదు."